మరమ్మతు చేయించాలా, అమ్మేయాలా: ఒక షౌకీ కారు హిసాబ్

నడిచే హాలత్‌లో ఉంటే కారు నాలుగున్నర లక్షలు పలుకుతుంది. ఇంజన్ మరమ్మతుకు 3 లక్షల 40 వేలు అడుగుతున్నారు. చేయించాలా, అమ్మేయాలా?

ఈ సవాల్ రెండు నెలలుగా మా ఖాందాన్‌లో నలుగుతోంది. దావత్‌లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నా అదే మాట, ఎవరినైనా పరామర్శించి తిరిగి వస్తున్నా అదే మాట. కారు మా ఆపా కొడుకుది. టోలిచౌకిలో ఇల్లు, నానక్‌రామ్‌గూడలో సాఫ్ట్‌వేర్ నౌకరీ. నాలుగేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. 2012 మోడల్, యూరప్ కంపెనీ, టర్బో పెట్రోల్, చేతి గేర్ల స్పోర్ట్స్ సెడాన్. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. పదమూడేళ్లు దాటిన ఏ టర్బో బండికైనా రాగల బీమారీనే దీనికీ వచ్చింది. వెయ్యి కిలోమీటర్లకు లీటరు ఇంజనాయిల్ తాగుతోంది, యాక్సిలరేటర్ తొక్కితే వెనక నీలం పొగ.

మా దుల్హేభాయ్ ఒక్క మాటలో ఫైసలా చెప్పేశారు. "ఇనుప ముక్కల మీద మూడున్నర లక్షలా? ఫుజూల్ ఖర్చు. అమ్మేసి కొత్తది తీసుకో, ఈఎంఐ కట్టుకో." ఇంకో బుజుర్గ్ ఇంకాస్త అఖల్‌మందీ చూపించారు. "చిక్కటి ఆయిల్ పోయించు బేటా, పదిహేను రోజులు పొగ రాదు. ఆలోపల అమ్మేయ్."

నా రాయ్ ముందే చెప్పేస్తాను. నాలుగు షర్తులు పూర్తయితే ఇలాంటి కారును మరమ్మతు చేయించడమే అఖల్‌మందీ. ఆ నాలుగింట్లో ఒక్కటి లేకపోయినా వదిలేయడం మేలు. కానీ వదిలేసినా, చేయించినా, మనవాళ్లు చెప్పే హిసాబ్ మాత్రం గలత్. ఎందుకు గలతో కాస్త విడమరచి రాస్తాను. ఈ సవాల్ మా ఇంటిది మాత్రమే కాదు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు నౌకరీ చేసే మన పిల్లల్లో చాలామంది ఇళ్ల ముందు ఇలాంటి బండి ఒకటి కవరు కప్పుకుని నిలబడి ఉంది.

ఖరీద్, ఖరీదు, ఖద్ర్

నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. రెండు జబాన్‌ల మధ్య తిరిగేవాడికి కొన్ని లఫ్జ్‌లు కాళ్లకు తగులుతుంటాయి. 'మరమ్మతు' మన 'మరమ్మత్' నుంచే తెలుగులోకి వచ్చింది, అర్థం మారలేదు. 'ఖరీదు' మాత్రం మారింది. ఉర్దూలో ఖరీద్ అంటే కొనుగోలు, తెలుగులో ఖరీదు అంటే ధర. ఈ కారు గొడవంతా ఆ తేడా దగ్గరే ఉంది. మనవాళ్లు కారు ధరను మరమ్మతు ధరతో పోల్చి చూస్తున్నారు. చూడాల్సింది అది కాదు. అదే డబ్బుతో మరెక్కడైనా ఏమి కొనగలం, దాని ఖద్ర్ ఎంత అన్నది చూడాలి.

ముందు 'కారు విలువ నాలుగున్నర లక్షలు' అనే మాటనే పట్టుకుందాం. ఏ కారు విలువ అది? పొగ రాని కారు విలువ. ఇప్పుడు మా భాంజా దగ్గర ఉన్నది పొగ వచ్చే కారు. ఉన్న ఐబ్ ఉన్నట్టు చెప్పి అమ్మితే ఎంత ఇస్తారని ముగ్గురు డీలర్లను అడిగాడు. ఎక్కువ చెప్పినవాడు 1 లక్ష 20 వేలు చెప్పాడు. అంటే ఇప్పటి అసలు విలువ అదే. నాలుగున్నర లక్షలు కావాలంటే రెండే రాస్తాలు: ఒకటి మరమ్మతు, రెండోది ఐబ్ దాచడం.

చిక్కటి ఆయిల్ సలహా ఇచ్చిన బుజుర్గ్ మీద నాకు ఎహ్తిరామ్ ఉంది. కానీ ఈ మాట చెప్పక తప్పదు. సరుకులో లోపం తెలిసీ దాచి అమ్మడం మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి హరామ్ అని నేర్పిన సంగతే. మేకను అమ్మేటప్పుడు దాని కుంటితనం చెప్పాలని పిల్లలకు చెబుతాం. కారు దగ్గరికి వచ్చేసరికి అదే పని 'హుషారీ' అయిపోతుంది. ఆ కారు కొనేది ఎవరు? కొత్తది కొనలేక, నాలుగు లక్షలు కూడబెట్టుకుని ఓఎల్ఎక్స్‌లో వెతికే ఇంకో ఇంటి కుర్రాడు. మూడో వారం వాడి ఇంటి ముందు పొగ మొదలవుతుంది. మన మూడున్నర లక్షల ఖర్చు ఎక్కడికీ పోలేదు, వాడి నెత్తికి మారిందంతే.

ఈ సంగతి ఒప్పుకున్న వెంటనే హిసాబ్ మొత్తం తిరగబడుతుంది. దాచి అమ్మే దారి మూసుకున్నాక మిగిలేవి ఇవి: చెప్పి 1 లక్ష 20 వేలకు అమ్మడం, లేదా ఖర్చు పెట్టి బాగుచేసి వాడుకోవడం. 'మరమ్మతు దండగ' అనిపించడానికి సగం కారణం మనం దాన్ని దొంగ ధరతో పోల్చడమే.

మొదటి షర్తు: బీమారీ ఏమిటో తెలియాలి

ఇంజన్ విప్పకముందే లక్షల మాట చెప్పేవాణ్ణి నమ్మొద్దు. మా భాంజా మొదట వెళ్లిన చోట పొగ చూడగానే "ఇంజన్ మొత్తం మార్చాలి, 6 లక్షల పైనే" అన్నారు. రెండో చోట "ముందు విప్పుదాం సార్, తర్వాత చూద్దాం" అన్నారు. మూడో మనిషి టోలిచౌకి వైపు షెడ్డు నడిపే ఒక ఉస్తాద్. ముప్ఫై ఏళ్ల తజుర్బా ఉన్న మనిషి. ఆయన పానా ముట్టుకోలేదు. ముందు సవాళ్లు అడిగాడు. పొగ ఏ రంగు? పొద్దున స్టార్ట్ చేసినప్పుడు వస్తుందా, తొక్కినప్పుడు వస్తుందా? కూలెంట్ తగ్గుతోందా? స్టార్ట్ చేయగానే ముందు వైపు గొలుసు గలగలమంటోందా?

ఆ సవాళ్లకు అర్థం ఉంది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ అంటే కూలెంట్ లోపలికి చేరుతోంది, హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి. నల్ల పొగ అంటే పెట్రోల్ ఎక్కువై సరిగ్గా కాలడం లేదు. నీలం పొగలోనూ దర్జాలు ఉన్నాయి. రాత్రంతా నిలబెట్టి పొద్దున తీసినప్పుడు ఒక్కసారి వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు కావచ్చు, అది చిన్న ఖర్చు. టర్బో నుంచి ఆయిల్ లీకైనా నీలం పొగే వస్తుంది, అప్పుడు ఇంజన్ జోలికి పోనక్కర లేదు. ఎప్పుడు తొక్కినా వస్తుంటే పిస్టన్ రింగుల మీదికి పోతుంది చూపు.

తర్వాత కంప్రెషన్ టెస్ట్ చేశాడు. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌కు మీటరు పెట్టి ఇంజన్ తిప్పితే లోపల ఎంత ఒత్తిడి పుడుతోందో తెలుస్తుంది. మూడు సిలిండర్లు 11, 11న్నర దగ్గర ఉన్నాయి. ఒకటి 7 దగ్గర ఆగింది. ఆ ఒక్క సిలిండర్‌లో కాస్త ఆయిల్ వేసి మళ్లీ తిప్పాడు. మీటరు పైకి లేచింది. అంటే రింగులే. ఆయిల్ వేశాక ఒత్తిడి లేచిందంటే గోడకూ రింగుకూ మధ్య సందును ఆయిల్ మూసిందన్నమాట. లేవకపోయి ఉంటే వాల్వ్‌లను అనుమానించాల్సి వచ్చేది. చివరగా సన్నని కెమెరా లోపలికి పంపి సిలిండర్ గోడల మీద లోతైన గీతలు లేవని చూశాడు. ఈ మొత్తానికీ తీసుకున్నది 3 వేలు. ఆ 3 వేలే 6 లక్షల మాటను 3 లక్షల 40 వేలకు దింపాయి.

ఇంజన్ ఎందుకు ఇలా అయింది? కొంత బండి వయసు, కొంత మన రోడ్డు. పిస్టన్‌కు కింది రింగు పని గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపడం. ఆ ఆయిల్ దిగడానికి చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. వేడికి మాడిన ఆయిల్ ఆ రంధ్రాల్లో మసిలా పేరుకుంటే దారి మూసుకుపోతుంది, ఆయిల్ పైకెక్కి కాలిపోతుంది. మరి వేడి ఎక్కడ పుడుతుంది? సాయంత్రం 6 గంటలకు మైండ్‌స్పేస్ నుంచి బయోడైవర్సిటీ జంక్షన్ దాకా పాకే బండిలో పుడుతుంది. కిలోమీటర్ల మీటరు కదలదు, ఇంజన్ మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. 15 వేల కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మార్చమని కంపెనీ పుస్తకంలో రాస్తే, అది సాఫీగా పరుగెత్తే రోడ్డుకు వర్తిస్తుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో ఈ కారిడార్‌లో తిరిగే టర్బో బండికి అందులో సగం దూరానికే మార్చాలని ఉస్తాద్ అంటాడు. ఆయిల్ మార్చడం కొన్ని వేలతో పోతుంది, రింగులు మార్చడం లక్షలతో.

రెండో షర్తు: విడిభాగాలు, చేతులు రెండూ దొరకాలి

3 లక్షల 40 వేల అంచనాను ఉస్తాద్ కాగితం మీద రాసిచ్చాడు. పిస్టన్లు, రింగులు 95 వేలు. టైమింగ్ చెయిన్, టెన్షనర్ సెట్టు 48 వేలు. గ్యాస్కెట్లు, సీళ్లు, ఒకసారి బిగిస్తే మళ్లీ వాడకూడని హెడ్ బోల్టులు 42 వేలు. బేరింగులు 22 వేలు. వాటర్ పంపు, థర్మోస్టాట్ 24 వేలు. మెషీన్ షాపులో హెడ్ ఫేసింగ్, వాల్వ్ పని, బోర్ హోనింగ్ 35 వేలు. ఆయిల్, కూలెంట్, ప్లగ్గులు 14 వేలు. మజూరీ 60 వేలు.

రింగులు పోతే చెయిన్ ఎందుకు, వాటర్ పంపు ఎందుకు అని దుల్హేభాయ్ అడిగారు. సరైన సవాలే. జవాబ్ ఏమిటంటే, ఇంజన్ దించి విప్పే మజూరీ ఒకటే. ఇప్పుడు పాత చెయిన్ మీదే మూసేసి, ఏడాదికి అది సాగి ఒక పన్ను జారితే వాల్వ్‌లు వెళ్లి పిస్టన్లకు కొట్టుకుంటాయి. అప్పుడు ఇవాళ పెట్టిన 95 వేల పిస్టన్లు కూడా దండగే. తెరిచిన ఇంజన్‌లో అరిగిపోయే వస్తువులన్నీ ఒకేసారి మార్చడం ఫుజూల్ ఖర్చు కాదు, ఫుజూల్ ఖర్చు నుంచి బచావ్.

ఇంకో రాస్తా కూడా ఉంది: యాక్సిడెంట్ అయిన బండి నుంచి తీసిన పాత ఇంజన్ తెచ్చి బిగించడం. చవగ్గానే వస్తుంది. కానీ దాని లోపల ఏముందో ఎవరికీ తెలియదు, మన రింగుల జబ్బే దానికీ ఉండొచ్చు. పైగా ఇంజన్ నంబర్ ఆర్‌సీలో ఉంటుంది. మార్చితే ఆర్‌టీఏలో నమోదు చేయించాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. ఇన్‌వాయిస్ లేని ఇంజన్ తెచ్చుకుని, అది చోరీ బండిదని తేలితే స్టేషన్ చుట్టూ తిరిగేది మనమే.

విడిభాగాల కన్నా అరుదైనవి చేతులు. రాణీగంజ్ దుకాణాల్లో దొరకని సామాను ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ఇంజన్ కట్టే మనిషిని తెప్పించుకోలేం. బేరింగు సందును మిల్లీమీటరులో వందో వంతు లెక్కన కొలిచి, బోల్టును టార్క్ రెంచితో వరస తప్పకుండా బిగించి, బిగించిన ప్రతిదాని పక్కన సున్నం పెన్సిల్‌తో గుర్తు పెట్టే మనిషి కావాలి. మన బస్తీల్లో ఈ హునర్ ఒకప్పుడు పుష్కలంగా ఉండేది. బడికి దూరమైన పిల్లలు షెడ్డుల్లో పెరిగి ఉస్తాద్‌లయ్యారు. ఆ పిల్లల బచ్‌పన్ అక్కడ పోయిందన్న బాధ నాకు ఉంది, ఆ పద్ధతి మళ్లీ రావాలని నేను కోరను. కానీ పద్ధతితో పాటు ఇల్మ్ కూడా పోతోంది. ఈ ఉస్తాద్ కొడుకు బీటెక్ చేసి కొండాపూర్‌లో నౌకరీ చూసుకున్నాడు. మంచిదే, ఆ తండ్రి కోరుకున్నదే అది. మరి ఆయన తర్వాత? పాలిటెక్నిక్, ఐటీఐ చదివిన మన కుర్రాళ్లు ఈ పనిని తక్కువగా చూడకుండా, మీటరు పట్టుకుని, మాన్యువల్ చదువుకుని ఇందులోకి వస్తే ఇజ్జత్‌తో బతకొచ్చు. అది జరగాలంటే ముందు మరమ్మతుకు డబ్బిచ్చేవాళ్లు ఉండాలి.

మూడో షర్తు: బండికి ఇంకా ఉమ్రు ఉండాలి

ఇంజన్ కొత్తదైనా బాడీ తుప్పు పట్టి, గేర్‌బాక్స్ అరిగి, కాగితాలు ముగిసిపోతే ఏమి లాభం? 2012 బండికి 2027లో 15 ఏళ్లు నిండుతాయి. మనవాళ్లలో చాలామందికి ఢిల్లీ వార్తలు చదివి ఒక భయం పట్టుకుంది. అక్కడ 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద కోర్టు, ట్రిబ్యునల్ ఉత్తర్వులు వచ్చాయి. హైదరాబాద్‌లో అలాంటి నిషేధం లేదు. 15 ఏళ్లు నిండిన సొంత కారును ఆర్‌టీఏ వాళ్లకు చూపించి, పాసైతే ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ ఫీజు 600 నుంచి 5 వేలకు పెరిగింది, గ్రీన్ ట్యాక్స్ వేరే. పొగ వదిలే బండి పాస్ కాదు, పాస్ కాకూడదు కూడా.

పెట్రోల్ సంగతి కూడా చూసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. దానికి తగ్గట్టు సామాను వేసి బండ్లు తయారు చేయడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. పాత బండ్లలో పెట్రోల్ గొట్టాలు, రబ్బరు సీళ్లు ఎలా ఉన్నాయో ఇంజన్ దించినప్పుడే చూపించుకోవాలి. మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది.

ఇదే సలహా నేను అందరికీ ఇవ్వను. మా పాత మిత్రుడి కొడుకు దగ్గర కూడా ఇలాంటి షౌకీ బండే ఉండేది. కూలెంట్ కారుతున్నా ఔటర్ రింగ్ రోడ్డు మీద అలాగే లాగించాడు. అల్యూమినియం హెడ్ వంగిపోయింది, బ్లాక్‌లో చీలిక వచ్చింది. కింద తుప్పు. పాత యజమాని బ్యాంకు లోన్ తీర్చినా ఆర్‌సీ మీద హైపోథికేషన్ కొట్టేయించలేదు. ఆ అబ్బాయికి నేను ఒకటే చెప్పాను: దీనికి ఫాతిహా చదివేయ్ బేటా. ఉన్నది ఉన్నట్టు చెప్పి స్క్రాప్ ధరకు ఇచ్చేశాడు. మరమ్మతు మంచి పనే. ప్రాణం పోయినదానికి మాత్రం మరమ్మతు ఉండదు.

పాతదంతా విరాసత్ కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ చేసిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చౌమహల్లా ప్యాలెస్‌లో బాగుచేసి పెట్టారు, బహుత్ అచ్ఛా. అది తారీఖ్. మన 2012 సెడాన్ తారీఖ్ కాదు, సవారీ. సవారీ చేయని బండి మీద లక్షలు పెట్టడానికి మనం నవాబులం కాదు.

నాలుగో షర్తు: డబ్బు కర్జ్ కాకూడదు

ఇప్పుడు అసలు హిసాబ్. అంచనా 3 లక్షల 40 వేలు. ఇంజన్ విప్పాక ఏదో ఒకటి బయటపడుతుంది, కనుక పైన పాతిక శాతం పక్కన పెట్టుకోవాలి. మొత్తం 4 లక్షల 25 వేలు. ఇప్పుడు అమ్మితే వచ్చే 1 లక్ష 20 వేలు కూడా వదులుకుంటున్నాం, అదీ కలపాలి: 5 లక్షల 45 వేలు. సవాల్ ఇది: 5 లక్షల 45 వేలకు బయట ఏ కారు వస్తుంది? ఇంకెవరో వాడిన, లోపల ఏముందో తెలియని బండి వస్తుంది. దాని పాత యజమానికి చిక్కటి ఆయిల్ సలహా ఇచ్చిన మామూ ఎవరైనా ఉన్నారేమో ఎలా తెలుస్తుంది? ఇక్కడ మనకు ప్రతి బోల్టు హాలత్ తెలిసిన ఇంజన్ వస్తుంది. ఐదేళ్లు వాడితే, చివర బండికి రూపాయి రాదనుకున్నా, నెలకు 9 వేల పైచిలుకు. ఏడాదిలోనే అమ్మేసే ఆలోచన ఉంటే మాత్రం ఈ మరమ్మతు ఘాటా సౌదా. బాగుచేసి వెంటనే అమ్మితే పెట్టింది కూడా పూర్తిగా రాకపోవచ్చు.

దుల్హేభాయ్ చెప్పిన కొత్త కారు వైపు చూద్దాం. 15 లక్షల లోన్, 9 శాతం సూద్, ఏడేళ్లు అనుకుంటే నెలకు 24 వేల పైన కట్టాలి. మొత్తం కట్టేది 20 లక్షల 27 వేలు. అందులో సూద్ ఒక్కటే 5 లక్షల 27 వేలు. మరమ్మతు ఖర్చు కన్నా సూద్ ఎక్కువ! ఇన్సూరెన్స్ లెక్కలో నాలుగేళ్లు దాటి ఐదో ఏట ఉన్న బండికి 50 శాతం తరుగుదల కడతారు. అంటే లోన్ ఇంకా నడుస్తుండగానే బండి విలువ సగం అయిపోతుంది. సూద్ విషయంలో మన ఇళ్లలో ఎవరి ఫతువా ఎవరు పాటిస్తున్నారో నేను అడగను. ఇంత మాత్రం అంటాను: కారీగర్‌కు ఇచ్చే 60 వేలు 'ఫుజూల్', బ్యాంకుకు ఇచ్చే 5 లక్షల 27 వేలు 'తరక్కీ' ఎలా అయ్యాయి? ఇస్రాఫ్ అనే మాటను చేతులకు మసి అంటిన పనికే వాడతాం, షోరూమ్ ఏసీలో సంతకం పెట్టే పనికి వాడం. కొత్త కారు కొంటే పొరుగువాళ్లకు మిఠాయి పంచుతాం. పాతది బాగుచేయించుకుంటే తలుపు చాటున చెప్పుకుంటాం.

అవతలి వైపు వాదనలో బలం లేదని నేను అనను. కొత్త బండి బీఎస్-6, పొగ తక్కువ. ఎయిర్‌బ్యాగులు ఎక్కువ. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఇది పెద్ద మాటే. రోజూ 24 కిలోమీటర్లు జామ్‌లో పాకడానికి స్పోర్ట్స్ సెడాన్ సరైన సవారీ కూడా కాదు. రాయదుర్గం దాకా మెట్రో ఉంది కానీ టోలిచౌకికీ లేదు, నానక్‌రామ్‌గూడకీ లేదు. అందుకే మా భాంజాకు చెప్పాను: ఇంజన్ కట్టించుకుంటే దాన్ని రోజూ ఆఫీసుకు తీసుకుపోవద్దు. ఆఫీసుకు స్కూటరు, కంపెనీ బస్సు. కారు ఇతవారానికి, వికారాబాద్ రోడ్డుకు, అమ్మీని ఊరికి తీసుకుపోవడానికి. షౌక్‌ను షౌక్ లాగే ఉంచుకో, దాన్ని మజ్బూరీ చేసుకోకు.

షౌక్ అనే మాటకు మనవాళ్లు ఎందుకు సిగ్గుపడతారో నాకు అర్థం కాదు. సిగరెట్టు లేదు, జూదం లేదు, ఐదేళ్ల హలాల్ కమాయిలోంచి ఒక బండిని ప్రేమించాడు. పైగా అలాంటి బండ్లు మళ్లీ దొరకవు. పోలో తయారీ మన దేశంలో 2022లో ఆగిపోయింది, పాలియో 1.6, పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ ఎప్పుడో పోయాయి. చేతి గేర్లతో, నేలకు దగ్గరగా ఉండే పెట్రోల్ బండ్ల కాలం అయిపోతోంది, ఇప్పుడంతా ఎత్తు ఎస్‌యూవీలే. అతనికి కావలసినది షోరూమ్‌లో లేదు. కనుక 'కొత్తది కొనుక్కో' అనడం బిర్యానీ అడిగిన మనిషికి పిజ్జా కూపన్ ఇవ్వడమే.

అయితే మా భాంజా దగ్గర మొదటి మూడు షర్తులు పూర్తయ్యాయి, నాలుగోది కాలేదు. చేతిలో 2 లక్షల 60 వేలు ఉన్నాయి. అందులో లక్ష చెల్లెలి కాలేజీ ఫీజుది. పైగా కంపెనీలో ప్రాజెక్టు అయిపోయి రెండు నెలలుగా బెంచి మీద ఉన్నాడు. ఈ కారిడార్‌లో బెంచి అంటే ఏమిటో ఇంట్లో ఐటీ పిల్లలున్న ప్రతి తల్లికీ తెలుసు. రోజూ జీతం మెసేజ్ కోసం కాదు, హెచ్‌ఆర్ మెయిల్ కోసం భయపడే రోజులు అవి. "మామూ, మూడున్నర లక్షల పర్సనల్ లోన్ నిమిషంలో ఇస్తామని ఫోన్ వచ్చింది" అన్నాడు. 14 శాతం, మూడేళ్లు. హిసాబ్ వేసి చూపించాను: పైన 80 వేలు సూద్. మరమ్మతు ఖర్చులో మజూరీ 60 వేలు, అంటే ఉస్తాద్‌కు ఇచ్చే దానికన్నా ఊరికే ఇచ్చేది ఎక్కువ. నౌకరీ పోతే కారూ అమ్ముకోవాల్సి వస్తుంది, లోనూ మిగులుతుంది.

కనుక నా మష్వరా: చేయించు, కానీ ఇప్పుడు కాదు. పొగ వదులుతూ నడపకు. వెనక స్కూటర్ మీద వచ్చేవాడి ఊపిరి నీ షౌక్‌కు కిరాయి కట్టకూడదు, పైగా కాలిన ఆయిల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కూడా పాడుచేసి ఖర్చు పెంచుతుంది. ఉస్తాద్ చెప్పినట్టు బ్యాటరీ తీసేసి, సిలిండర్లలో కాస్త ఆయిల్ వేసి, నీడలో నిలబెట్టు. చెల్లెలి ఫీజు కట్టు. నౌకరీ ఖరారయ్యాక నెలనెలా దాచు. ఇంజన్‌కు తొందర లేదు, అది నిలబడితే అరగదు. తొందర అంతా మనదే.

దుల్హేభాయ్‌కి ఈ ఫైసలా పూర్తిగా నచ్చలేదు. "అంటే అప్పటిదాకా ఇంటి ముందు జాగా దండగేనా?" అన్నారు. ఔను, ఆరు నెలలు జాగా దండగే. అబద్ధం చెప్పి అమ్మడం కన్నా, సూద్ మీద తెచ్చి బాగుచేయడం కన్నా అది చవక. ఆరు నెలల తర్వాత కూడా ఆ కారు మీద మనసు అలాగే ఉంటే, అది నిజంగానే షౌక్. మనసు మారితే 1 లక్ష 20 వేలకు ఐబ్ చెప్పి ఇచ్చేయొచ్చు, ఇద్దరికీ నిద్ర పడుతుంది.

మీ ఇంటి ముందు కూడా ఇలాంటి బండి ఉంటే, కొత్త కారు బ్రోషర్ తెరవకముందు ఒక కాగితం తీసుకోండి. ఐబ్ చెప్పి అమ్మితే వచ్చే ధర రాయండి. పాతిక శాతం కలిపిన మరమ్మతు ఖర్చు రాయండి. ఎన్నేళ్లు వాడతారో రాయండి. కింద, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రాయండి. ఆ నాలుగో లైను రాసేటప్పుడు పెన్ను ఆగిపోతే, కవరు కప్పి ఉంచండి. ఆగకపోతే, ఉస్తాద్‌కు ఫోన్ చేయండి.